తెల్ల రక్తకణాలు: అయిదు తెగలు, అయిదు పనులు

పది రోజులు తగ్గని జ్వరం గాని, నెలల తరబడి విడవని దగ్గు గాని పట్టుకున్నప్పుడు డాక్టరు మొట్టమొదట చేయించే పనులలో రక్తపరీక్ష ఒకటి. నారాయణఖేడు వంటి ఊరిలో ఈ పరీక్ష చీటీ ఒకచోట నిలవదు. హైదరాబాదుకు వాయవ్యాన, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ ఊరి నుండి పెద్ద వైద్యానికి ఒకరు సంగారెడ్డికి పోతే, ఒకరు బీదరుకు పోతారు, మరొకరు హైదరాబాదుకు పోతారు. 1956 నవంబరుకు ముందు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలోనే ఉండేది. తరువాత మెదకు జిల్లాలోను, 2016లో సంగారెడ్డి జిల్లాలోను చేరింది. అందువల్ల ఇక్కడ తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ కూడా వినిపిస్తవి. రోగి తన బాధను ఏ భాషలో చెప్పుకున్నా, చేతిలోని రక్తపు లెక్క మాత్రం అన్ని ఆసుపత్రులలోను ఒకే విధంగా చదవబడుతుంది.

ఆ చీటీలో తెల్ల కణాల మొత్తం సంఖ్య ఒకటి ఉంటుంది. దాని కింద అయిదు పేర్లు, వాటికెదురుగా అయిదు అంకెలు ఉంటవి. న్యూట్రోఫిలు, లింఫోసైటు, మోనోసైటు, ఇయోసినోఫిలు, బేసోఫిలు అనేవి ఆ పేర్లు. చాలామంది మొత్తం సంఖ్యను చూసి, అది ఎక్కువైతే భయపడి, తక్కువైతే మరింత భయపడి, కింది అయిదింటినీ వదలివేస్తారు. నిజానికి రోగం జాడ ఎక్కువగా తెలిసేది ఆ అయిదింటిలోనే. ఈ లెక్కను శ్రద్ధగా చూసినందువల్ల, క్షయ అని పేరు పడిన మనుష్యులకు తమ రోగం క్షయ కాదని తెలిసిన ఉదంతం మన తెలుగుదేశంలోనే జరిగింది. ఆ కథ తెలుసుకునే ముందు ఈ అయిదు తెగలతో పరిచయం చేసుకుందాము.

రంగును బట్టి పేర్లు

ఆరోగ్యవంతుని రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు ఎర్రకణాలు సుమారు 45 నుండి 50 లక్షలు ఉంటే, తెల్లకణాలు 4,000 నుండి 11,000 వరకు మాత్రమే ఉంటవి. వీటికి సొంత రంగు లేదు. గాజుపలక మీద రక్తపు చుక్కను పలుచగా పరిచి సూక్ష్మదర్శిని కింద పెడితే మసకమసకగా కనిపిస్తవి, అంతే. వీటికి రంగు పట్టించి వేరుపరచే ఉపాయాన్ని జర్మనుడైన పాల్ ఎర్లిక్ 1870ల చివర కనిపెట్టాడు. బట్టలకద్దే కృత్రిమ రంగులనే ఆయన కణాల కద్దాడు. ఇయోసిన్ అనే ఎర్రని ఆమ్లపు రంగును ఇష్టపడే రేణువులున్న కణం ఇయోసినోఫిలు అయింది. నీలిరంగు వంటి క్షారపు రంగును పట్టుకునేది బేసోఫిలు అయింది. రెండింటికీ మధ్యస్థంగా లేత ఛాయ పొందేది న్యూట్రోఫిలు అయింది. మిగిలిన రెండు తెగలలో ఇటువంటి స్ఫుటమైన రేణువులు కనిపించవు. వాటిలో చిన్నదై, గుండ్రని పెద్ద కేంద్రకంతో నిండి ఉండేది లింఫోసైటు. పెద్దదై, మూత్రపిండం ఆకారపు కేంద్రకం గలది మోనోసైటు.

మన దేశపు ప్రయోగశాలలలో ఎక్కువగా వాడే రంగు 1901లో విలియం లీష్‌మన్ తయారుచేసినది. రంగు పట్టించిన పలకపై వరుసగా నూరు తెల్లకణాలను చూసి, ఏ తెగవి ఎన్ని వచ్చినవో గుర్తుపెట్టుకోవడమే పాత పద్ధతి. నేడు పెద్ద ప్రయోగశాలలలో యంత్రాలు వేలకొద్దీ కణాలను నిమిషంలో లెక్కిస్తున్నవి. అయినా అనుమానం కలిగినప్పుడు మనిషి కన్ను మళ్లీ పలక మీదికి పోవలసిందే.

ముల్లు దిగినప్పుడు

చేనులో నడిచే రైతు కాలిలో తుమ్మముల్లు దిగిందనుకుందాము. ముల్లుతోపాటు సూక్ష్మజీవులు కూడా లోపలికి పోతవి. గాయపడిన కండ నుండి వెలువడే రసాయనాల జాడ పట్టి, కొద్ది గంటలలోనే న్యూట్రోఫిళ్లు రక్తనాళాల గోడలలోని సందుల గుండా దూరి అక్కడికి చేరుతవి. తెల్లకణాలలో నూటికి 40 నుండి 75 వరకు ఇవే. వీటి కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా చీలి ఉంటుంది. సూక్ష్మజీవిని చుట్టుముట్టి మింగడం వీటి ముఖ్యమైన పని. మింగినదానిని చంపడానికి ఇవి తయారుచేసే పదార్థాలలో హైపోక్లోరసు ఆమ్లం ఒకటి. బావినీటిలో బ్లీచింగు పౌడరు కలిపితే క్రిములను చంపేది కూడా ఈ ఆమ్లమే.

ఈ కణాల ఆయుర్దాయం బహుస్వల్పం. రక్తంలో తిరిగేది ఒక దినంకన్న తక్కువే. కనుక ఎముకల మూలుగ దినానికి సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిళ్లను తయారుచేస్తూ ఉండవలసి వస్తుంది. పుండులో పట్టే చీము చాలావరకు పోరాడి చచ్చిన ఈ కణాల రాశియే. సూక్ష్మజీవుల దాడి తీవ్రమైనప్పుడు మూలుగ పూర్తిగా ఎదగని కణాలను కూడా రక్తంలోకి పంపుతుంది. వాటి కేంద్రకం ఇంకా తమ్మెలుగా చీలక, వంచిన కడ్డీవలె ఉంటుంది. ఇటువంటి పసికణాలు చీటీలో కనిపిస్తే లోపల గట్టి పోరాటం జరుగుతున్నదని డాక్టరు గ్రహిస్తాడు.

శరీరంలోని కణాలు శత్రువును మింగి కాపాడతవన్న సంగతి కూడా ముల్లువల్లనే తెలిసింది. రష్యను శాస్త్రజ్ఞుడు ఎలీ మెచ్నికోవ్ 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనా పట్టణంలో ఉండి, నక్షత్రపు చేప పిల్లలను పరిశీలిస్తున్నాడు. వాటి శరీరం గాజువలె పారదర్శకంగా ఉంటుంది. ఆయన గులాబీ ముల్లును ఒక పిల్లలో గుచ్చి, మరునాడు చూడగా ముల్లు చుట్టూ సంచరించే కణాలు మూగి ఉన్నవి. ఈ మింగుడు కణాలే రక్షకులని ఆయన వాదించాడు. రక్తరసంలో కరిగి ఉండే ద్రవ్యాలే రక్షకులని ఇతరులు వాదించారు. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోవ్‌కు, రక్తరసపు పక్షాన నిలిచిన ఎర్లిక్‌కు కలిపి ఇచ్చారు. ఇద్దరూ చెప్పినది నిజమేనని కాలక్రమాన తేలింది.

ఊడ్చేవారు, కబురు చెప్పేవారు

న్యూట్రోఫిళ్ల వెనుకనే మోనోసైట్లు వస్తవి. ఇవి నూటికి 2 నుండి 10 వరకు ఉంటవి. రక్తనాళం వదలి కండలోకి ప్రవేశించగానే ఇవి ఉబ్బి మాక్రోఫేజులు, అనగా మహాభక్షక కణాలు, అవుతవి. చచ్చిన కణాలను, చీమును, చితికిన కండను తిని శుభ్రంచేసి, గాయం మానడానికి దారితీస్తవి. క్షయ క్రిమి వంటి మొండి శత్రువు చుట్టూ ఇవి గుంపుగూడి గోడ కడతవి.

వీటికి మరొక బాధ్యత ఉన్నది. తిన్న శత్రువు తునకలను తమ ఒంటిమీద ప్రదర్శించి లింఫోసైట్లకు చూపిస్తవి. ఈ పనిలో వీటికన్న ఆరితేరినవి డెండ్రైటికు కణాలు. వీటిని రాల్ఫ్ స్టైన్‌మన్ 1973లో వర్ణించాడు. ఇవి గాయమైన చోటు నుండి బయలుదేరి శోషరస నాళాల వెంట దగ్గరలోని గ్రంథులకు కబురు మోసుకొనిపోతవి. కాలిలో ముల్లు దిగితే గజ్జలో బిళ్ళ కట్టడం అందరికీ అనుభవమే. ఆ బిళ్ళ, కబురందిన శోషరస గ్రంథిలో లింఫోసైట్లు త్వరత్వరగా వృద్ధి చెందుతున్నవనడానికి గుర్తు.

జ్ఞాపకం గల కణాలు

పెద్దవారి రక్తంలో లింఫోసైట్లు నూటికి 20 నుండి 45 వరకు ఉంటవి. పలక మీద ఒకే రూపంలో కనిపించినా ఇవి అన్నీ ఒకటి కావు. వీటిలో రెండు ముఖ్యమైన శాఖలు ఉన్నవి.

మొదటివి బి కణాలు. కోడిపిల్లలలో బర్సా అనే చిన్న సంచిని తీసివేస్తే ప్రతిరక్షకాలు తయారుకావని 1956లో బ్రూస్ గ్లిక్ బృందం ప్రకటించింది. ఆ బర్సా పేరులోని మొదటి అక్షరమే ఈ కణాలకు నిలిచింది. మనుష్యులలో ఇవి మూలుగలోనే పెరుగుతవి. శత్రువును గుర్తించిన బి కణం వృద్ధిచెంది, ప్రతిరక్షకాలను సెకనుకు వేలకొద్దీ వెదజల్లుతుంది. ఇవి సూక్ష్మజీవికి అతుక్కొని దానిని నిర్వీర్యం చేస్తవి, లేదా భక్షక కణాలకు పట్టిస్తవి.

రెండవవి టి కణాలు. ఇవి రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణ పొందుతవి. ఆ గ్రంథి ప్రాముఖ్యాన్ని 1961లో జాక్ మిల్లర్ ఎలుకలలో నిరూపించాడు. వీటిలో కొన్ని, వైరసు దూరిన మన కణాలను వెదకి చంపుతవి. కొన్ని బి కణాలకు, భక్షక కణాలకు తోడ్పడతవి. ఎయిడ్సు వైరసు నాశనం చేసేది ముఖ్యంగా ఈ తోడ్పాటు కణాలనే. మరి కొన్ని, పోరాటం మితిమీరి సొంత శరీరం మీదికే తిరగకుండా అదుపు చేస్తవి. ఈ అదుపు కణాలను గూర్చిన పరిశోధనకు 2025లో నోబెల్ బహుమతి లభించింది.

పోరు ముగిసిన తరువాత బి, టి కణాలలో కొన్ని మిగిలి ఏండ్ల తరబడి బ్రతికి ఉంటవి. వెనుకటి పట్వారీ దఫ్తరంలో ఏ సర్వే నంబరు ఎవరిదో వ్రాసి ఉన్నట్లు, ఇవి పాత శత్రువు ఆనవాలును భద్రపరుస్తవి. మొదటిసారి ప్రతిరక్షకాలు తగినంతగా తయారుకావడానికి వారం దినాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. రెండవసారి రెండు మూడు దినాలు చాలు. 1846లో ఫారో దీవులలో తట్టు వ్యాపించినప్పుడు, 1781లో ఒకసారి దానిని అనుభవించి బ్రతికి ఉన్న వృద్ధులకు అది మళ్లీ సోకలేదని పీటర్ పానుమ్ అనే వైద్యుడు గమనించాడు. జ్ఞాపకం అరువదియైదేండ్లు నిలిచిందన్నమాట. టీకా చేసేది కూడా ఇదే. రోగం రాకముందే రోగపు ఆనవాలును దఫ్తరంలోకి ఎక్కిస్తుంది.

తక్కువ సంఖ్యవారు

ఇయోసినోఫిళ్లు నూటికి 1 నుండి 6 వరకు, బేసోఫిళ్లు నూటికి ఒకటి లేదా అంతకు తక్కువ ఉంటవి. బేసోఫిళ్లు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదలుతవి. దద్దురులు, దురద, ముక్కు కారడం వంటి ఎలర్జీ బాధలకు అది ఒక ముఖ్యకారణం. ఇయోసినోఫిళ్లు ఎలర్జీలోను, ఉబ్బసంలోను పెరుగుతవి. వీటి మరొక శత్రువు పురుగు. నులిపురుగు గాని, బోదకాలు పురుగు గాని ఒక కణం మింగలేనంత పెద్దది. ఇయోసినోఫిళ్లు దాని చుట్టూ చేరి తమ ఎర్రని రేణువులలోని విషద్రవ్యాలను దాని ఒంటిమీద కుమ్మరిస్తవి. అయితే ఆ ద్రవ్యాలు పురుగునే కాక పక్కనున్న మన కండను కూడా గాయపరచగలవు.

ఆరోగ్యవరంలో తేలిన సత్యం

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగుల శానిటోరియం ఉండేది. దక్షిణదేశం నలుమూలల నుండి రోగులు అక్కడికి వచ్చేవారు. క్షయకు సరియైన మందు లేని కాలం అది. ఆ రోగమని పేరు పడితే చాలు, మనిషికి ఇంటితోను ఊరితోను సంబంధం తెగినంత పని అయ్యేది. అక్కడికి వచ్చినవారిలో కొందరి తీరు వేరుగా ఉన్నది. దగ్గు, కొద్దిపాటి జ్వరం, చిక్కిపోవడం ఉన్నవి. ఎక్సురే చిత్రంలో ఊపిరితిత్తులలో మచ్చలు ఉన్నవి. కాని కళ్ళెలో క్షయ క్రిమి కనిపించదు. రక్తంలో మాత్రం ఇయోసినోఫిళ్లు విపరీతంగా పెరిగి ఉన్నవి. డేనిషు వైద్యుడు ఫ్రిమోడ్ట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఈ సంగతి ప్రకటించి, ఇది క్షయవలె కనిపించే వేరొక స్థితి అన్నారు.

1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు భారతదేశంలో తాను చూసిన ఇటువంటి రోగులను వర్ణించి, దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా అని పేరు పెట్టాడు. పాషాణం కలిసిన మందుతో ఇది తగ్గుతున్నదని ఆయన గమనించాడు. కాని పాషాణం ప్రమాదకరమైన మందు. అంతకంటె క్షేమమైన మందు కొద్ది సంవత్సరాలలోనే వచ్చింది. దానిని తెచ్చినది మరొక తెలుగువాని నాయకత్వంలోని ప్రయోగశాల. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లె సంస్థలో పరిశోధనకు అధిపతిగా ఉండగా, 1947లో హెట్రజాన్ అనే మందు వెలువడింది. డైఇథైల్ కార్బమజీన్ దాని రసాయన నామం. బోదకాలు పురుగు పిల్లలను రక్తంలో నుండి తొలగించడానికి ఉద్దేశించిన ఈ మందు, ఈ దగ్గు రోగులకు కూడా చక్కగా పనిచేసింది.

పురుగును చంపే మందు దగ్గును ఎట్లా మాన్పింది? 1960లో వెల్లూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ ఇటువంటి రోగుల ఊపిరితిత్తులలోను, కాలేయంలోను, శోషరస గ్రంథులలోను బోదకాలు జాతి పురుగుపిల్లలను చూపించారు. రక్తంలో తిరగవలసిన ఆ పిల్లలను ఈ రోగుల శరీరం అతితీవ్రంగా ఎదిరించి ఊపిరితిత్తులలో బంధిస్తున్నది. అందువల్లనే రాత్రిపూట రక్తం తీసి చూసినా అవి దొరకవు. దగ్గు, ఆయాసం ఆ పోరాట ఫలితాలే. ఈ రోగులలో ఇయోసినోఫిళ్లు ఘనపు మిల్లీమీటరుకు 3,000 దాటి ఉంటవి. చికిత్స ఆలస్యమైతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతవి. సకాలంలో గుర్తిస్తే మూడు వారాల మాత్రలతో చాలామందికి నయమవుతుంది. తెలుగు రాష్ట్రాలలో బోదకాలు ఉన్న జిల్లాలలో ప్రభుత్వం సామూహికంగా పంచుతూ వచ్చిన డి.ఇ.సి. మాత్ర ఈ మందే.

కణాలే దారితప్పినప్పుడు

సుబ్బారావు పరిశోధన తెల్లకణాల చరిత్రలో మరొక చోట కూడా కనిపిస్తుంది. కొన్నిసార్లు మూలుగలో ఎదగని తెల్లకణాలు అదుపు లేకుండా వృద్ధిచెంది రక్తమంతా నిండుతవి. ఇదే ల్యుకేమియా, అనగా రక్తపు కాన్సరు. మొత్తం సంఖ్య లక్ష దాటినా అవి పనికిరాని కణాలు కనుక రోగి రక్షణ లేనివాడే అవుతాడు. విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లమనే విటమిను అవసరం. దానిని పోలి ఉండి కణాన్ని మోసగించే ఎమినోప్టెరిన్ అనే పదార్థాన్ని సుబ్బారావు బృందం తయారుచేసింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకేమియా గల 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో మేలు కనిపించిందని 1948లో ప్రకటించాడు. ఆ మేలు కొద్ది నెలలే నిలిచింది. అయినా మందుతో ఈ రోగాన్ని వెనుకకు నెట్టవచ్చునని మొదటిసారి తెలిసింది. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేటు నేటికీ వాడుకలో ఉన్నది. సుబ్బారావు ఆ సంవత్సరమే మరణించాడు.

చీటీ చదవడంలో మెలకువ

ఇప్పుడు చీటీని మళ్లీ చూద్దాము. అందులోని అయిదు అంకెలు నూటికి ఎన్ని అని చెప్పేవి. వీటిని విడిగా చూస్తే మోసపోవచ్చును. ఒకనికి మొత్తం 8,000 కణాలుండి లింఫోసైట్లు నూటికి 30 అయితే వాటి అసలు సంఖ్య 2,400. మరొకనికి జ్వరంలో మొత్తం 3,000కు పడిపోయి లింఫోసైట్లు నూటికి 60 అని వచ్చిందనుకుందాము. రెట్టింపు అయినవని తోస్తుంది. లెక్క వేస్తే 1,800 మాత్రమే. ఇక్కడ లింఫోసైట్లు పెరగలేదు, న్యూట్రోఫిళ్లు తగ్గినవి. డెంగీలోను, అనేక వైరసు జ్వరాలలోను, తరచుగా టైఫాయిడులోను ఇట్లా జరుగుతుంది. న్యూట్రోఫిళ్ల అసలు సంఖ్య 500కన్న తగ్గితే అది చాల ప్రమాదస్థితి. కాన్సరు మందులు వాడేవారికి జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి పొమ్మనేది ఇందుకే.

వయస్సును కూడా చూడాలి. రెండు మూడేండ్ల బిడ్డలో న్యూట్రోఫిళ్లకన్న లింఫోసైట్లు ఎక్కువగా ఉండడం సహజమే. గర్భిణులలోను, గట్టిగా శ్రమించినవారిలోను, స్టెరాయిడు మందులు వాడేవారిలోను ఏ సూక్ష్మజీవీ లేకుండానే న్యూట్రోఫిళ్లు పెరుగుతవి. ఇయోసినోఫిళ్లు పెరిగిన ప్రతివారికీ బోదకాలు పురుగు ఉన్నదనుకోరాదు. నులిపురుగులు, ఉబ్బసం, కొన్ని మందులు పడకపోవడం కూడా కారణం కావచ్చును. తెల్లకణాలు పెరిగినవని విని దుకాణంలో ఏంటీబయాటిక్ కొని మింగడం ఎంత పొరపాటో దీనినిబట్టి గ్రహించవచ్చును. వైరసు మీద ఆ మందు పనిచేయదు, పురుగు మీద అసలే పనిచేయదు. అనవసరంగా వాడగా వాడగా సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి, నిజంగా అవసరమైననాడు లొంగకుండా పోతవి.

కనుక పాఠకులు చేయదగిన పని సులభమైనది. ప్రతి రక్తపరీక్ష చీటీని పారవేయక, తేదీ వరుసన దాచి ఉంచాలి. సంగారెడ్డిలో గాని, బీదరులో గాని కొత్త డాక్టరును చూసినప్పుడు పాత చీటీలు కూడా చూపాలి. ఒక నాటి అంకెకన్న, వారం కిందటి అంకెకు నేటి అంకెకు గల తేడా ఎక్కువ సంగతులు చెబుతుంది. విడవని దగ్గుకు మొదట కళ్ళె పరీక్ష చేయించుకోవలసిందే, ఎందుకంటే మన దేశంలో క్షయ ఇంకా ఉన్నది. అందులో క్రిమి కనిపించకపోయినా క్షయ లేదని అంతటితో తీర్మానించరాదు. డాక్టరు చెప్పిన ఇతర పరీక్షలు కూడా చేయించుకుంటూ, ఇయోసినోఫిళ్లు ఎన్ని ఉన్నవని కూడా అడగాలి. ఆరోగ్యవరం వైద్యులు 1940లో వేసుకున్న ప్రశ్న అదే.